చిల్లకూరు కడలి రంగు చదవాలంటే

చిల్లకూరు మండలంలో రొయ్యల గుంటలున్న రైతు పొద్దున్నే ముందు చూసేది నీటి రంగు. లేత పచ్చగా ఉంటే ధైర్యం. ముదిరిందంటే రాత్రంతా ఏరియేటర్లు తిరగాల్సిందే. కంటికి ఆనని శైవలాలు, రైతుల మాటలో బ్లూమ్, మితిమీరి పెరిగి ఒక్కసారిగా చస్తే, కుళ్లే క్రమంలో నీటిలోని ఆక్సిజన్‌ హరించుకుపోతుంది. గుంటలో సంగతి గట్టు మీద నుంచి తెలుస్తుంది. గుంటకు నీళ్లిచ్చే ఉప్పుటేరు, దాని అవతలి సముద్రం సంగతి తెలియాలంటే ఆకాశం నుంచి చూడాలి.

అలా చూసే ఉపగ్రహం ఈ తీరం నుంచే పైకెళ్లింది. 2022 నవంబరు 26న, ఇక్కడికి దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ54 ఓషన్‌శాట్-3ని మోసుకెళ్లింది. అందులోని ఓషన్ కలర్ మానిటర్ 13 తరంగ పట్టీల్లో కడలిని చూస్తుంది. శైవలాల్లోని పత్రహరితం నీలి కాంతిని పీల్చుకుంటుంది, ఆకుపచ్చను అంతగా పీల్చుకోదు. ఈ రెంటి నిష్పత్తిని బట్టి నీటిలో పత్రహరితం ఎంతుందో లెక్కగడతారు. చెప్పినంత తేలిక కాదిది. ఉపగ్రహానికి చేరే వెలుగులో సుమారు 90 శాతం గాలి నుంచి చెదిరి వచ్చిందే. దాన్ని తీసేస్తే మిగిలే కొద్దిపాటి వెలుగే సముద్రానిది. పైగా ఒడ్డు దగ్గర బురద కలిసిన నీరు కూడా బ్లూమ్‌లా భ్రమింపజేస్తుంది.

ఈ సమాచారం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భూనిధి, నాసా ఓషన్‌ కలర్, ఐరోపా వారి కోపర్నికస్‌లలో పేరు నమోదు చేసుకుని, పటం మీద తీరం చుట్టూ గడి గీసి, తేదీలిస్తే చాలు. మొదటి స్థాయి ఫైలు పచ్చి సరుకు. కొత్తవాళ్లు రెండో స్థాయిది తీసుకోవడం మేలు. గాలి ప్రభావం తీసేసి, పత్రహరితం అంకెలు అందులో సిద్ధంగా ఉంటాయి. వందల మెగాబైట్ల ఆ ఫైలును నాసా వారి సీడాస్‌లోనో, ఐరోపా వారి స్నాప్‌లోనో తెరవవచ్చు. రెండూ ఉచితమే.

ఐరోపా వారి ఉపగ్రహం సెంటినెల్-3 చిత్రంలో ఒక్కో చుక్క 300 మీటర్ల మేర. సన్నని ఉప్పుటేరు అందులో గట్లతో కలిసిపోతుంది. దానికి 10 మీటర్ల దాకా వివరం చూపే సెంటినెల్-2 కావాలి. అది ఐదు రోజులకోసారి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల్లో వాగులు ఎరువులను, మురికిని సముద్రంలోకి తోసే రోజుల్లోనే మబ్బులు కమ్మి, చూడాల్సిన పూట ఏమీ కనబడదు.

ఇంకో మాట మరీ ముఖ్యం. ఉపగ్రహం విషాన్ని చూడదు, రంగునే చూస్తుంది. 2019 ఆగస్టులో చెన్నై అలలను రాత్రిపూట నీలంగా వెలిగించిన నాక్టిలూకా అనే సూక్ష్మజీవిలో ఎర్ర రకానికి సొంత పత్రహరితమే లేదు. కాబట్టి అనుమానం వచ్చిన చోట సీసాలో నీళ్లు పట్టి మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచదు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ బ్లూమ్‌ల సమాచార సేవ నడుపుతోంది. అది ప్రత్యేకంగా గుర్తించిన నాలుగు చోట్లు ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, గోపాల్‌పూర్. చిల్లకూరు తీరం వాటిలో లేదు. అందుకే ఇక్కడి లెక్క ఇక్కడివాళ్లే కట్టుకోవడం మంచిదంటాను. నాసా ఆక్వా ఉపగ్రహం 2002 నుంచి తీసిన చిత్రాలున్నాయి. వాటితో ఈ తీరానికి నెలవారీ సగటు పత్రహరితం కట్టిపెట్టుకుంటే, ఏ జనవరిలోనైనా అంకె పెరిగినప్పుడు అది మామూలా కాదా అన్నది అదే రోజు తేల్చవచ్చు.