మీకు తెలుసా? మర్దన నొప్పిని వెన్నుపాములోనే అడ్డుకోగలదు

దెబ్బ తగిలిన మోకాలిని చేత్తో రుద్దుకోగానే కలిగే ఉపశమనాన్ని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్, బ్రిటన్ నాడీ శాస్త్రవేత్త పాట్రిక్ వాల్ 1965లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించిన ‘ద్వార నియంత్రణ సిద్ధాంతం’ ఆధారంగా వివరించవచ్చు. స్పర్శను, ఒత్తిడిని తెలిపే నాడీ తంతువులు లావుగా ఉండి, మైలిన్ అనే కొవ్వు పొర కప్పుకొని ఉండటం వల్ల సెకనుకు 30 మీటర్లకు మించిన వేగంతో సంకేతాలను చేరవేస్తాయి. సలుపుతూ ఉండే నొప్పిని తెలిపే సన్నని ‘సి’ తంతువులకు ఆ పొర లేనందున వాటి వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు దాటదు. ఈ రెండు రకాల సంకేతాలూ వెన్నుపాము వెనుక భాగంలోని బూడిదరంగు పదార్థానికి చేరినప్పుడు, స్పర్శ సంకేతాలు అక్కడి నిరోధక నాడీకణాలను ప్రేరేపించి, మెదడుకు సాగే నొప్పి సంకేతాల తీవ్రతను తగ్గిస్తాయి. తరువాతి పరిశోధనలు ఈ సిద్ధాంతంలోని వివరాలను ఎన్నో సవరించినా, నొప్పి మార్గమధ్యంలోనే మార్పు చెందుతుందన్న దాని మూలభావన నిలిచే ఉంది, అదే దాని గొప్పతనం.

మర్దన కండరాల్లోని లాక్టిక్ ఆమ్లాన్ని వెళ్లగొడుతుందన్న ప్రచారం మాత్రం సరికాదు. అది వ్యాయామం ముగిసిన గంట, రెండు గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది.

కొత్తగా వచ్చిన నడుము నొప్పికి ముందుగా ప్రయత్నించదగిన, మందులతో పనిలేని పద్ధతుల్లో మర్దనను కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది, అయితే దానికున్న ఆధారాల నాణ్యత తక్కువేనని స్పష్టంగా పేర్కొంది. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పుడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం దృష్ట్యా, ఆ కాలిని మర్దన చేయకుండా వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.