గాలిపటానికి సూత్రం, విమానానికి రెక్క

మన పిల్లలు విమానం ఎక్కినన్నిసార్లు మనం ఆ వయసులో ఎర్రబస్సు ఎక్కి ఉండం. ఏడేళ్ళ వాడు కూడా బోర్డింగ్ పాసు తనే అందిస్తాడు, కిటికీ సీటు కోసం చెల్లితో పోట్లాడతాడు, బెల్టు పెట్టుకుంటాడు, ఎదురుగా ఉన్న తెరలో సినిమా వెతుక్కుంటాడు. దిగబోయే ముందు రెక్క వెనక నుంచి పెద్ద పెద్ద రేకులు కిందికి జారతాయి కదా, అవి ఎందుకురా అని అడిగి చూడండి. మా ఇంట్లో వచ్చిన జవాబు: "అది ఆటోమేటిక్, నాన్నా!"

ఆ జవాబు నన్ను కొంచెం కలవరపెట్టింది. ఇంజనీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు అయిన తల్లిదండ్రులకి పుట్టిన పిల్లలు యంత్రాలకి కేవలం వినియోగదారులుగా పెరుగుతున్నారా అని. అందుకే ఈ వ్యాసం... చిన్న మ్యూజియంలలో పిల్లల చేత చేయించే విమాన ప్రయోగాల గురించి, అలాంటి మ్యూజియం దగ్గర్లో లేని ఊళ్ళో మేం చేసుకున్న ఏర్పాటు గురించి.

నేనుండేది ఒమన్‌లోని రుస్తాఖ్‌లో. దక్షిణ అల్ బాతినా గవర్నరేట్‌కి ఇదే ముఖ్య పట్టణం. పెద్ద పాత కోట, ఐన్ అల్ కస్ఫా అనే వేడినీటి ఊట, ఖర్జూరపు తోటలు, వెనకాల హజర్ పర్వతాలు. ఇండియన్ స్కూలు ఉంది. తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విమానాల మ్యూజియం మాత్రం లేదు. కారులో వెళ్ళి వచ్చేంత దూరంలో ఉన్నవి రెండు. ఒకటి మస్కట్‌లో రూవి దగ్గర బైత్ అల్ ఫలజ్ కోటలోని సాయుధ దళాల మ్యూజియం. రెండోది సరిహద్దు దాటి షార్జాలో ఉన్న అల్ మహత్తా మ్యూజియం. పిల్లల కోసమైతే నా ఓటు రెండోదానికే.

"మహత్తా" అంటే అరబిక్‌లో స్టేషను. బ్రిటిష్ వాళ్ళ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి నడిపే విమానాలు మొదట్లో పర్షియా తీరం మీదుగా వెళ్ళేవి. అక్కడ అనుమతి పోవడంతో 1932లో దారి అరేబియా తీరానికి మారింది. బహ్రెయిన్ తర్వాత మజిలీ షార్జా, ఆ తర్వాత గ్వాదర్, కరాచీ. (అన్నట్లు, గ్వాదర్ అప్పుడు ఒమన్ సుల్తానుదే! 1958 దాకా అలాగే ఉంది.) ఇప్పటి యు.ఏ.ఇ. గడ్డ మీద మొదటి విమానాశ్రయం ఇదే. 1932 అక్టోబరు 5న హ్యాండ్లీ పేజ్ హెచ్.పి.42 రకం విమానం "హానో" ఇక్కడ దిగింది. సరిగ్గా పది రోజుల తర్వాత, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకుంటూ ఎగిరారు. ఆ టపా బొంబాయి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. అంటే షార్జా ఇసుకలో రాత్రి బస చేసిన ఉత్తరాలే మన వైపుకీ వచ్చాయన్నమాట.

1977లో కొత్త విమానాశ్రయం వచ్చాక ఇది మూతపడింది. పాత రన్‌వే కింగ్ అబ్దుల్ అజీజ్ వీధిగా మారింది. పాత టెర్మినల్, ప్రయాణికుల విడిది భవనం 2000లో మ్యూజియంగా తెరుచుకున్నాయి. హ్యాంగర్‌లో డి.సి.-3, ఆన్సన్, డవ్ లాంటి పాత ప్రొపెల్లర్ విమానాలున్నాయి. విమానం ఎలా ఎగురుతుందో పిల్లలు స్వయంగా చేసి చూసుకునే విభాగమూ ఉంది. మొత్తం రెండు గంటల్లో చూసేయవచ్చు. చిన్నది కావడమే దాని గొప్ప. పెద్ద మ్యూజియంలో పిల్లలు పరుగెడతారు, చిన్నదానిలో ఆగుతారు.

అయితే పిల్లల్ని ఏ తయారీ లేకుండా తీసుకెళితే ఫోటోలు తప్ప ఏమీ మిగలవు. అందుకని మేం నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి, వెళ్ళే ముందు మూడు శుక్రవారాలు మా డాబా మీద పిల్లలకి పని పెట్టాం. ప్రపంచంలో విమాన మ్యూజియంలు పిల్లలకు నడిపే తరగతుల్లో చేయించేవీ దాదాపు ఇవే: కాగితపు విమానం, రెక్క నమూనా, గాలి ప్రవాహం, గాలిపటం. ఖర్చు ఒక కట్ట కాగితాలు, ఒక డబ్బా క్లిప్పులు.

మొదటి వారం కాగితపు విమానం. ఎవరికి తోచినట్లు వాళ్ళు మడిచి వదిలారు. కొన్ని ముక్కు పైకెత్తి, ఆగి, ధబ్బున పడ్డాయి. ముక్కుకి ఒక క్లిప్పు పెట్టమన్నాం. నేరుగా వెళ్ళింది. రెండు పెడితే నేలకి దూకింది. బరువు కేంద్రం ఎక్కడుండాలో పుస్తకంలో ఒక పేజీ చదివేకన్నా ఆ రెండో క్లిప్పు బాగా చెబుతుంది. తర్వాత రెక్క వెనక అంచుల్ని కొంచెం పైకి వంచమన్నాం. ముక్కు లేచింది. ఒక వైపు పైకీ, ఇంకో వైపు కిందికీ వంచితే పక్కకి దొర్లింది. పైలట్ చేతిలో ఉండే పని మూడొంతులు ఇదే.

అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ కథ కూడా అప్పుడే చెప్పాను. తొమ్మిదో శతాబ్దంలో, స్పెయిన్‌లోని కొర్డోబాలో, రెక్కలు కట్టుకుని ఎగిరాడనీ, దిగేటప్పుడు దెబ్బలు తగిలాయనీ, పక్షి దిగడానికి తోక వాడుకుంటుందన్న సంగతి ఆయన పట్టించుకోలేదనీ అరబ్ చరిత్రకారులు రాశారు. పిల్లలు వెంటనే తమ విమానాలకి తోకలు అంటించడం మొదలుపెట్టారు.

రెండో వారం రెక్క. ఇక్కడ ఒక హెచ్చరిక. మనలో చాలా మంది చదువుకున్న వివరణ ఇది: రెక్క పైభాగం వంపుగా ఉంటుంది, పైన వెళ్ళే గాలికి దూరం ఎక్కువ, కింది గాలితో పాటే అటు చివరికి చేరాలి కాబట్టి వేగంగా వెళుతుంది, అందువల్ల పైన ఒత్తిడి తగ్గుతుంది. పై గాలి వేగంగా వెళ్ళడం, ఒత్తిడి తగ్గడం నిజమే. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. నిజానికి పై గాలి ముందే చేరుతుంది! ఆ కారణమే సరైనదైతే విమానాలు తలకిందులుగా ఎగరలేవు. రెక్క చేసే పని తేలిగ్గా చెప్పాలంటే, తన మీదుగా వచ్చే గాలిని కిందికి మళ్ళించడం. గాలిని కిందికి తోస్తే గాలి రెక్కని పైకి తోస్తుంది. చెంచాని రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని, దాని వీపుని కుళాయి ధారకి తగిలించి చూడండి. ధార చెంచా వంపు వెంట పక్కకి తిరుగుతుంది, చెంచా ధార లోపలికి లాక్కుపోతుంది. పిల్లలు దీన్ని ఇరవైసార్లు చేస్తారు, వంటిల్లు తడిసిపోతుంది. అది ముందే ఇంట్లో చెప్పుకోండి.

ఇప్పుడు ఆ రేకుల సంగతి. విమానం దిగాలంటే వేగం తగ్గించుకోవాలి. వేగం తగ్గితే రెక్క మోయగల బరువూ తగ్గుతుంది. అందుకని వెనక రేకులు జార్చి రెక్కని వెడల్పుగా, మరింత వంపుగా చేస్తారు. అప్పుడు నెమ్మది వేగంలోనే అంత బరువునీ మోస్తుంది. చెంచాతో ఆడుకున్న పిల్లవాడికి ఇది రెండు వాక్యాల్లో అర్థమవుతుంది.

మూడో వారమే అసలు వారం. గాలిపటాలు. సంక్రాంతి దగ్గరపడుతోంది. పిల్లలు కాగితం, పుల్లలు అంటించి తయారుచేశారు. ఎగరవేస్తే గిరికీలు కొట్టి పడిపోతున్నాయి. మేం పెద్దవాళ్ళం చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియోలు వెతుకుతున్నాం. పక్కింటి మిత్రుడి అమ్మగారు భీమవరం నుంచి చలికాలానికి వచ్చి ఉన్నారు. పిల్లలందరికీ ఆవిడ మామ్మగారే. కుర్చీలోంచి లేవకుండానే, "సూత్రం సరిగ్గా కట్టలేదర్రా! పై దారం పొట్టి చెయ్యండి, గాలి జోరుగా ఉంది" అన్నారు. పొట్టి చేశాం. లేచింది!

ఏం జరిగిందో చూడండి. గాలిపటానికి పైన ఒక చోట, కింద ఒక చోట దారం కట్టి ముడి వేసేదాన్ని సూత్రం అంటాం కదా. ఆ ముడి ఎక్కడ ఉందన్నదే గాలిపటం గాలికి ఎంత వాలుగా నిలబడాలో నిర్ణయిస్తుంది. పై దారం పొట్టిదైతే పటం పడుకున్నట్లు వాలుతుంది, జోరు గాలిలో అదే కావాలి. పొడుగైతే గాలికి అడ్డంగా నిలబడుతుంది, గాలి తక్కువున్నప్పుడు కొంతవరకు పనికొస్తుంది, మరీ ఎక్కువైతే లాగుతుందే తప్ప లేవదు. విమానం రెక్కకీ ఇదే వాలు ఉంది. ముక్కు ఎత్తే కొద్దీ రెక్క మోసే బరువు పెరుగుతుంది, ఒక హద్దు దాకా. మామూలు రెక్కకి అది సుమారు పదిహేను డిగ్రీలు. దాటితే పై గాలి రెక్కని వదిలేస్తుంది, రెక్క బరువు మోయలేదు. మొదటి వారం ముక్కెత్తి ధబ్బున పడిన కాగితపు విమానాలు ఆ హద్దు దాటినవే. ఏడో తరగతి పాప ఒకతి ఆ రెండూ తనే కలుపుకుంది: "అయితే క్లిప్పు కూడా సూత్రం లాంటిదే కదా అంకుల్?" ఆ మాట కోసం మూడు శుక్రవారాలేమిటి, ముప్పై అయినా ఇవ్వవచ్చు.

ఒక తండ్రి నన్ను పక్కకి పిలిచి, "ఇది సిలబస్‌లో ఉందాండీ? మావాడికి ఫౌండేషన్ కోర్సు టెస్టు ఉంది" అన్నారు. ఆయన ఆదుర్దా నాకు అర్థమవుతుంది. గల్ఫ్‌లో మన బతుకు ఉద్యోగం ఉన్నంత కాలమే, పిల్లవాడు ఇండియా వెళ్ళి పోటీలో నిలబడాలి. కానీ చేత్తో చేసి చూసే ఇష్టం పదేళ్ళకీ పదమూడేళ్ళకీ మధ్య రాకపోతే, తర్వాత తెచ్చిపెట్టడం కష్టమని నా నమ్మకం. ఆ మూడేళ్ళూ ఇప్పుడు కోచింగ్ వాళ్ళే తీసుకుంటున్నారు. ఆయన అబ్బాయి షార్జాకి రాలేదు. నాకు అది ఇంకా వెలితిగానే ఉంది.

షార్జాలో ఈ తయారీ ఫలించింది. డి.సి.-3 దగ్గర పిల్లలు చాలాసేపు నిలిచిపోయారు. దాని చిన్న చక్రం తోక కింద ఉంటుంది, అందుకే నేల మీద ముక్కెత్తుకుని కూర్చుంటుంది. "అయితే లోపల నేల ఏటవాలుగా ఉంటుందా?" అని అడిగింది ఆ పాపే. అవును, ప్రయాణికులు ఎక్కుతూ నడవాల్సిందే. మన హైదరాబాదుకి దీనితో చుట్టరికం ఉంది. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది ఈ రకం విమానాలనే. భారతదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చిందీ ఆ సంస్థే. ఆన్సన్ దగ్గర ఇంకో సంగతి. తొలి రకం ఆన్సన్‌లలో చక్రాలు లోపలికి మడవాలంటే చేత్తో నూట నలభైకి పైగా తిప్పులు తిప్పాలి. మగపిల్లలు గాలిలో తిప్పి చూసి, యాభై దాటకుండానే చేతులు దించేశారు.

అన్నీ ముచ్చట కథలే కావు. హానోకి సోదర విమానం "హానిబల్" 1940 మార్చి 1న ఇరాన్ తీరంలోని జాస్క్ నుంచి షార్జాకి వస్తూ ఒమన్ సింధుశాఖలో మాయమైంది. ఎనిమిది మంది పోయారు. వారిలో మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసిన ఎ.టి. పన్నీర్‌సెల్వం ఒకరు. విమానం ఆచూకీ ఇప్పటికీ దొరకలేదు. ఆ విమానాలు గంటకి 160 కిలోమీటర్ల వేగంతో పోయేవి. పిల్లలకి లెక్క ఇచ్చాం: 480 కిలోమీటర్ల దూరం, ఎదురు గాలి 40. మూడు గంటల ప్రయాణం నాలుగు గంటలవుతుంది. మరి పెట్రోలు? లెక్కల పుస్తకంలో ఇదే ప్రశ్న పడవా, ప్రవాహమూ అని ఉంటే విసుక్కునేవాళ్ళు ఇక్కడ కాగితం కోసం తడుముకున్నారు.

రుస్తాఖ్ పిల్లలు ఇంకో ప్రశ్న అడిగారు. 1950లలో జబల్ అఖ్దర్ యుద్ధంలో బ్రిటిష్ వీనమ్ యుద్ధవిమానాలు ఈ షార్జా నుంచే లేచాయి. "అంటే మన కొండ మీద బాంబులు వేశారా?" వేశారు. కొండకి అవతలి వైపున్న తనూఫ్ ఊరి శిథిలాలు ఇప్పటికీ కనబడతాయి. ఆ మాట కూడా దాచకుండా చెప్పాం. తిరిగి వస్తూ కారులో చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇంతకీ వెళ్ళాలనుకునే వాళ్ళకి రెండు మాటలు. యు.ఏ.ఇ. వీసా ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి, కారుకి ఆరెంజ్ కార్డు ఇన్సూరెన్సు తీసుకోండి. మ్యూజియం శుక్రవారం వేళలు మిగతా రోజుల్లా ఉండకపోవచ్చు, బయల్దేరే ముందు కనుక్కోండి. సరిహద్దు దాటడం ఇష్టం లేకపోతే బైత్ అల్ ఫలజ్‌కి వెళ్ళండి. 1973లో సీబ్ విమానాశ్రయం వచ్చేదాకా మస్కట్‌కి విమానాలు దిగింది ఆ కోట పక్కనే, కొండల నడుమ. ఆరుబయట పాత విమానాలున్నాయి. సెలవులకి విశాఖ వెళ్ళే వాళ్ళకి బీచ్ రోడ్డు మీద టి.యు.-142 ఉంది. నౌకాదళం నుంచి 2017లో విరమించిన ఆ భారీ విమానం లోపలికే ఎక్కి చూడవచ్చు.

వేసవిలో మాత్రం పిల్లలకి డాబా మీద పని పెట్టకండి. 45 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 15 డిగ్రీల నాటికంటే పదో వంతు దాకా తగ్గుతుంది, విమానానికే రన్‌వే ఎక్కువ కావలసి వస్తుంది. మేం జనవరికి ఈసారి కూలర్ ఫ్యాను, అట్టపెట్టెలతో గాలి సొరంగం కట్టబోతున్నాం. మామ్మగారు టికెట్టు తీసేసుకున్నారట.