నేలకూ ఊపిరి కావాలి

వర్షాకాలంలో రెండు రోజులు ముసురు పట్టి వెలిసిన తరువాత కొన్ని పెరళ్లలో ఒక వింత కనిపిస్తుంది. పాదులో నీరు నిలిచే ఉంటుంది. అయినా బొప్పాయి ఆకులు వాడి వేలాడుతుంటాయి. మొక్క వాడింది కదా అని ఇంటివారు మరికొన్ని నీళ్లు పోస్తారు. కొద్ది రోజులకే అది కూలిపోతుంది. నీరు లేక ఎండిన మొక్కను అందరం గుర్తిస్తాం. నీరు ఎక్కువై, ఊపిరాడక మరణించిన మొక్కను గుర్తించేవారు అరుదు.

వేళ్లు కూడా శ్వాసిస్తాయి. మట్టిరేణువుల నడుమగల ఖాళీలలోని గాలి నుండి అవి ప్రాణవాయువును గ్రహిస్తాయి. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్లు శక్తిని కోల్పోయి, క్రమంగా కుళ్లిపోతాయి. అప్పుడు చుట్టూ నీరున్నా మొక్క దానిని పీల్చుకోలేదు.

ఈ ప్రమాదం బంకమట్టి నేలలలో అధికం. బంకరేణువు వ్యాసం 0.002 మిల్లీమీటర్ల కంటె తక్కువ. అంత సన్నని రేణువుల మధ్యనుండి నీరు త్వరగా ఇంకదు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడి ఇటువంటిదే. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెరియలు విచ్చుతుంది. అయితే ఈ నేల నిస్సారమైనది కాదు. పోషకాలను పట్టి ఉంచడంలో ఇసుకనేల దీనికి సాటిరాదు. దీనికి కొరవడినది సారం కాదు, గాలి.

నేల స్వభావాన్ని తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. 30 సెంటీమీటర్ల లోతున గుంట తీసి నీటితో నింపాలి. ఆ నీరు ఇంకిన తరువాత మళ్లీ నింపి గమనించాలి. గంటకు 2.5 సెంటీమీటర్లయినా ఇంకకపోతే ఆ నేలకు చికిత్స అవసరమని గ్రహించాలి.

ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది భావిస్తారు. కాని కొద్దిపాటి ఇసుక మేలు చేయదు. బంకరేణువులు ఇసుక మధ్య ఖాళీలను పూడ్చివేయగా నేల మరింత గట్టిపడుతుంది. అసలైన ఔషధం సేంద్రియ పదార్థమే. బాగా మాగిన పశువుల ఎరువునో, ఆకుల ఎరువునో 5 నుండి 8 సెంటీమీటర్ల మందాన పరచి, పైమట్టిలో కలపాలి. దానిని ఆహారంగా గ్రహించే సూక్ష్మజీవులు జిగురు వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. వాటివల్ల బంకరేణువులు చిన్న చిన్న గుళికలుగా కూడుకొని, వాటి మధ్య గాలికి, నీటికి దారులు ఏర్పడతాయి. వానపాములు ఆ దారులను విస్తరింపజేస్తాయి. జీలుగ చల్లి, పూతదశలో మట్టిలో కలియదున్నడం మన రైతులెరిగిన మరొక మార్గం. పెరటిలో ఆ పనికి పారయే చాలును.

ఈ పనులన్నింటికీ పదును ముఖ్యం. గుప్పెడు మట్టిని ముద్దచేసి వేలితో నొక్కినపుడు పొడిగా విడిపోతే అది తగిన పదును. ముద్ద అంటుకుపోతుంటే పార పట్టరాదు. తడినేలను తవ్వినా, తొక్కినా ఉన్న ఖాళీలు కూడా మూసుకుపోతాయి.

ఎరువు పనిచేయడానికి కాలం పడుతుంది. అంతవరకు జానెడెత్తు మడులు కట్టి, చుట్టూ కాలువ తీసి, నీటికి పల్లపువైపు దారి చూపాలి. మిరప, బొప్పాయి వంటి వాటిని మడులపైననే నాటాలి. తడిని సహించే చేమ, పొన్నగంటి, మెట్టతామరలకు పల్లపుచోటు కేటాయించవచ్చు.

మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా హరించిపోతుంది. కనుక ఏటేటా ఎరువు వేయవలసిందే. ఊడ్చి తగులబెట్టే ఎండుటాకులను నేలకే తిరిగి ఇస్తే, కొన్నేళ్లకు ఆ బంకమట్టే చేతిలో గుల్లగా రాలుతుంది. నేలను మార్చివేయనక్కరలేదు, దానికి ఊపిరి పోస్తే చాలు.