ఎక్కే గేరే... దిగే గేరు!

లోడు లారీని కొండ ఎక్కించడం కష్టమే. కానీ క్షేమంగా దించడం అంతకంటే కష్టం. మట్టిదారుల్లో అయితే మరీను!

పాడేరు, మారేడుమిల్లి ఏజెన్సీ కొండల్లో తారు రోడ్డు అయిపోయిన చోట మట్టిదారి మొదలవుతుంది. సిమెంటు బస్తాలు పైకి చేరాలన్నా, పంట సంతకు రావాలన్నా అదే దిక్కు. చాలాచోట్ల పక్కన పిట్టగోడ కూడా ఉండదు. అలాంటి దారిలో డ్రైవరుకు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

ముందు నడిచి చూడాలి

తెలియని వాలు ఎదురైతే బండి ఆపి, ఓసారి నడిచి రావాలి. వాననీటికి కోసుకుపోయిన అంచులూ, గుల్లబారిన నేలా సీట్లోంచి కనిపించవు. లోడు కదలకుండా తాళ్లు బిగించాలి. బరువైన సరుకు అడుగున ఉండాలి.

తిన్నగా ఎక్కాలి

వాలుకు అడ్డంగా పోనిస్తే బరువంతా కిందివైపు చక్రాల మీద పడి బండి దొర్లిపోవచ్చు. అందుకే తిన్నగా ఎక్కాలి. తక్కువ గేరు మొదట్లోనే వేసుకోవాలి. మధ్యలో మార్చేందుకు క్లచ్ తొక్కితే ఆ క్షణం ఇంజినుకీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఐదడుగులకు అడుగు చొప్పున లేచే వాలు 20 టన్నుల లారీని దాదాపు 4 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది మరి!

మధ్యలో ఆగిపోతే తిప్పే ప్రయత్నం చేయొద్దు. బ్రేకు తొక్కిపట్టి, రివర్స్ గేరు వేసి, వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. చక్రం కింద రాయి పెట్టే క్లీనరు పక్కనుంచే పెట్టాలి, బండి వెనక నిలబడకూడదు.

అసలు పరీక్ష దిగేటప్పుడే

అదే లారీ 300 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకోండి. ఆ శక్తంతా వేడిగా మారితే 200 లీటర్ల డ్రమ్ములోని నీళ్లు మరిగే వేడికి వచ్చేస్తాయి! ఆ భారాన్ని ఇంజిను పంచుకోకపోతే వేడిలో ఎక్కువ భాగం బ్రేకులకే. బాగా కాలిన లైనర్లు పట్టు వదిలేస్తాయి. ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

అందుకే ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే. అదీ దిగడం మొదలుపెట్టకముందే వేయాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు తొక్కి వదలాలి. బురదలో చక్రాలు బిగుసుకుని జారుతుంటే బ్రేకు వదలాలి. చక్రం తిరిగితేనే స్టీరింగ్ మాట వింటుంది.

న్యూట్రల్ వద్దే వద్దు

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగకుండా ఉండటానికే డీజిల్ కావాలి. ఇంజిను ఆపేస్తే మరీ ప్రమాదం. ఎయిర్ బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అంటే న్యూట్రల్‌తో మిగిలేది లేకపోగా, బండిని పట్టి ఉంచే ఇంజినునే చేజేతులా వదులుకున్నట్లు!