మెదడు కణితికి నకలు.. మందుకు ముందస్తు పరీక్ష!

మొన్న ఓపీలో ఒకావిడ పేపరు కటింగ్ నా బల్ల మీద పెట్టారు. ‘మెదడు క్యాన్సర్‌ను ప్రింటర్‌తో తయారుచేసి, దాని మీద మందులు పరీక్షిస్తారట కదా డాక్టర్‌గారూ! మావారికి చేయించండి. ఫ్లాటు అమ్మైనా కడతాం’ అన్నారు. ఆయనకు గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్. ఆపరేషన్ అయ్యింది. రేడియేషన్ మొదలుకావాలి. ‘ఆ పరీక్ష అయ్యేదాకా రేడియేషన్ ఆపుదామా?’ అని కూడా అడిగారు. ఆ రెండో ప్రశ్న వినగానే నాకు భయమేసింది. ఇలాంటి వార్త రేపు మీ కంటా పడొచ్చు. అందుకే దాని సంగతేమిటో వివరంగా చెబుతాను.

ఎందుకింత మొండి జబ్బు?

పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో తరచూ కనిపించేది, బాగా తీవ్రమైనది గ్లియోబ్లాస్టోమా. దీని కణాలు చుట్టూ ఉన్న మెదడులోకి వేళ్లలా పాకుతాయి. కాబట్టి సర్జన్ ఎంత నేర్పుగా తీసినా కొన్ని మిగులుతాయి. వాటి కోసమే ఆపరేషన్ తర్వాత రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ మాత్రలు ఇస్తాం. ఈ పద్ధతికి దారి చూపిన అధ్యయనం 2005లో వెలువడింది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలు దాటి జీవించగా, మాత్రలూ వాడినవారిలో సగం మంది 14.6 నెలలు దాటారు. రెండేళ్లు దాటినవారు సుమారు 10 శాతం నుంచి 26 శాతానికి పెరిగారు. ఇది మేలే గానీ, సరిపోదు.

ఆ తర్వాత ఎన్నో మందులు ల్యాబ్‌లో ఆశపెట్టి, మనుషుల దగ్గరకొచ్చేసరికి చతికిలబడ్డాయి. దీనికి ఒక ముఖ్య కారణం పరీక్షించే తీరు. ప్లాస్టిక్ గిన్నె అడుగున పలుచని పొరలా పెంచిన కణాలకు రక్తనాళాలుండవు. పక్కన మెదడు కణాలూ ఉండవు. అక్కడ చచ్చిన క్యాన్సర్ కణం మన తలలో చావాలనేముంది? ఎలుక మెదడైనా మన మెదడు కాదు కదా!

జంతికల గొట్టంలాంటి యంత్రం

ఇక్కడే బయోప్రింటింగ్ అక్కరకొస్తోంది. జంతికల గొట్టం గుర్తుచేసుకోండి. పిండి నొక్కితే తీగలా వచ్చి, చుట్టలు చుట్టుకుంటుంది. బయోప్రింటర్లలో ఎక్కువగా వాడే రకం ఇలాగే పనిచేస్తుంది. పిండికి బదులు జీవకణాలు కలిపిన జెల్ ఉంటుంది. దీన్నే బయోఇంక్ అంటారు. కంప్యూటర్ చెప్పిన చోటల్లా దీన్ని పొర మీద పొరగా పేరుస్తారు. ఈ విద్య మనకూ కొత్తేం కాదు. 2022లో హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి ఇలాగే కార్నియాను ముద్రించి, కుందేలు కంటికి అమర్చారు.

మెదడు క్యాన్సర్ విషయానికొస్తే, దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు 2019లో పంది మెదడు నుంచి తీసిన పదార్థంతో బయోఇంక్ చేశారు. రోగుల క్యాన్సర్ కణాలను, రక్తనాళాల కణాలను వలయాలుగా పేర్చారు. అసలు కణితిలో మాదిరే లోపలికి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గింది. రేడియేషన్, టెమోజోలమైడ్ ప్రయోగిస్తే ఆయా రోగుల్లో కనిపించిన తేడాలే నమూనాల్లోనూ కనిపించాయి.

2021లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రోనిత్ సాచీ-ఫైనారో బృందం మరో అడుగు వేసింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రిన్‌ను వాడి, ద్రవం పారే నాళాలతో సహా కణితి నమూనాను ముద్రించింది. క్యాన్సర్‌కు ఊతమిచ్చే పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుని చూస్తే, గిన్నెలోని కణాలు చలించలేదు. ముద్రించిన నమూనాలోనూ, ఎలుకల్లోనూ మాత్రం కణితి పెరుగుదల నెమ్మదించింది. అంటే, గిన్నెను నమ్ముకుంటే పనికొచ్చే మందును చెత్తబుట్టలో పడేసేవాళ్లమే!

మనకు ఎప్పుడు?

మన దేశంలోనూ 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించారు. జంతువులపై పరీక్షలకు బదులుగా మానవ కణాల త్రీడీ నమూనాల వంటి పద్ధతులకూ చోటిచ్చారు. అయితే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈ నమూనా చికిత్స కాదు, మందుకు పెట్టే పరీక్ష. పైగా అందులో ఒంట్లోని మొత్తం రోగనిరోధక వ్యవస్థ ఉండదు. దాని మీద పనిచేసిన మందు మనిషిలోనూ పనిచేస్తుందని క్లినికల్ ట్రయల్స్‌లో రుజువు కావాలి. ప్రస్తుతానికి ఇది పరిశోధనే. మామూలుగా రాసిచ్చే పరీక్ష కాదు. ‘మీ కణితిని ప్రింట్ చేసి మందు చెబుతాం, ఇన్ని లక్షలు కట్టండి’ అని ఎవరైనా అంటే, మీ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా పైసా ఇవ్వకండి.

ఈరోజు మీరు చేయగలిగినవి

* పెద్దవయసులో తొలిసారి ఫిట్స్ రావడం, తెల్లవారుజామున తలనొప్పితోపాటు వాంతులు, ఒకవైపు కాలుచేతుల బలహీనత, మాట తడబాటు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. తలనొప్పుల్లో చాలావరకు కణితి వల్ల వచ్చేవి కావు. అలాగని ఇలాంటి లక్షణాలను మాత్రం వదిలేయకండి.

* ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టుతోపాటు కణితి ముక్కను భద్రపరిచిన ‘బ్లాక్’ ఎక్కడుందో కనుక్కోండి. తర్వాత చేసే జన్యుపరీక్షలకు అదే ఆధారం.

* ఐడీహెచ్, ఎంజీఎంటీ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. మొదటిది కణితి రకాన్ని తేల్చడానికి, రెండోది టెమోజోలమైడ్ ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేయడానికి తోడ్పడతాయి.

* కొత్త మందుల ట్రయల్స్ వివరాలు సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. చేరే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి.

* కొత్త వార్త చదివి, నడుస్తున్న చికిత్సను ఆపకండి.

ఆవిడకూ ఇదే చెప్పాను. కాసేపు మౌనంగా కూర్చుని, కటింగ్ మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. ‘సరే డాక్టర్‌గారూ, సోమవారం రేడియేషన్‌కు తీసుకెళ్తాను. బ్లాక్ ఎవరిని అడగాలో రాసివ్వండి’ అన్నారు. రాసిచ్చాను.