సీమ చదువులు, కారు విహారాలు: వన్‌టౌన్‌లో ఒక తండ్రి గుబులు
(మా గ్రామీణ విలేఖరి)

విజయవాడ వన్‌టౌన్: కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో ఉదయం తొమ్మిది దాటితే మనిషి నడవడానికి దారి దొరకదు. తోపుడుబండ్లు, మూటలు మోసే ముఠా కూలీలు, పల్లెల నుంచి సరుకుకు వచ్చిన చిల్లర వర్తకులు, వీళ్ల మధ్య ఇప్పుడు కొత్తరకం బేరగాళ్లు కనిపిస్తున్నారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి పొట్లాలు నూనె కారకుండా కట్టించుకుని, ఎన్ని కిలోలైందో ఒకటికి రెండుసార్లు తూకం వేయించుకునే తల్లిదండ్రులు వీరు. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, మొవ్వ వైపుల నుంచి వస్తారు. పొలం తాకట్టు పెట్టి కొడుకునో కూతురినో అమెరికాకో, ఇంగ్లండుకో, ఆస్ట్రేలియాకో పంపుతున్నవారే వీరిలో ఎక్కువ.

పొట్లాలు కట్టే దుకాణందారు వద్ద ఈ విలేఖరి అరగంట కూర్చుంటే విన్న మాటలు రెండే రెండు రకాలు. ఒకటి ఫీజు. రెండోది, ‘మావాడు ఫోటోలు పంపాడు, చూడండి’ అనడం. ఫోటోల్లో తరగతి గది ఎక్కడా లేదు. కొండలు, జలపాతాలు, సముద్రం, అద్దె కారు, దాని ముందు నలుగురైదుగురు కుర్రాళ్లు.

ఇందులో తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ల వయసులో కొత్త దేశం చూడాలనిపించకపోతే అదే విడ్డూరం. అమెరికాలో చదివే మన పిల్లలు గ్రాండ్ కాన్యన్‌కు పరుగెత్తుతారు. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల మైలుకు పైనే. మెల్‌బోర్న్‌లో ఉన్నవారు గ్రేట్ ఓషన్ రోడ్డు మీదికి వెళ్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు 1919లో మొదలుపెట్టి, పలుగూ పారలతో కొండచరియ తొలిచి, 1932 నాటికి పూర్తిచేసిన దారి అది. యుద్ధంలో పోయిన తోటివారి జ్ఞాపకంగా వేసుకున్నారు. అలాంటివి చూసి రావడమూ ఒక చదువే. అయితే ఆ విహారాల వెనుక ఇంటి దగ్గరివారికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని చెప్పినవారు వస్త్రలతలోని ఒక టోకు బట్టల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా ఉన్న ఒక పెద్దమనిషి. పేరు రాయవద్దని కోరారు. స్వగ్రామం ఉయ్యూరు వైపు.

నలుగురిలో డ్రైవరు ఒక్కడే

ఈయన కుమారుడు 2023లో ఎమ్మెస్సీ చదవడానికి స్కాట్లండులోని గ్లాస్గో వెళ్లాడు. ఊళ్లో ఉన్న ఎకరం మాగాణి బ్యాంకులో ఉంది. చదువుకునే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదని అక్కడి వీసా నిబంధన. ఆ ఇరవై గంటల కూలిలోంచే గది అద్దె, తిండి. 2024 ఏప్రిల్‌లో నాలుగు రోజులు తీరిక దొరికింది. నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి కారు అద్దెకు తీసుకుని స్కై అనే దీవికి బయలుదేరారు. ఒక్కొక్కరి వాటా దాదాపు వారం పని కూలి అయిందట.

‘‘మన లైసెన్సుతో అక్కడ ఏడాదిపాటు నడపవచ్చునండీ. బండి ఎడమవైపే నడుస్తుంది, మనలాగే. అక్కడిదాకా బాగానే ఉంది’’ అని కుమారుడు దుకాణంలోని ఫోనులో కనిపిస్తూ ఈ విలేఖరికి వివరించాడు. చిక్కల్లా కారు అద్దెకిచ్చేవారి షరతుల్లో ఉంది. నిర్ణీత వయసు దాటనివారికి వారు కారు ఇవ్వరు, ఇచ్చినా అదనంగా వసూలు చేస్తారు. నలుగురిలో ఒక్కడికే ఆ వయసు. బీమా కాగితంలో పేరు ఉన్నదీ ఆ ఒక్కడిదే. మిగతావారు స్టీరింగు ముట్టుకుంటే బీమా చెల్లదు. కనుక గ్లాస్గో నుంచి స్కై దాకా, లోమండ్ సరస్సు పక్కగా, గ్లెన్‌కో లోయ మీదుగా, ఐదారు గంటల దారి ఆ ఒక్కడే నడిపాడు. ముందురోజు రాత్రి పదకొండు దాకా హోటల్లో గిన్నెలు కడిగి వచ్చినవాడు. పక్కన కూర్చున్నవాడి పనల్లా అతణ్ణి నిద్రపోకుండా మాటల్లో పెట్టడమే.

అమెరికాలో అయితే బండి కుడివైపు నడపాలి. పదేళ్లు ఎడమవైపు నడిపిన చేయి మలుపు దగ్గర పాత అలవాటుకే పోతుంది. అక్కడికి వెళ్లేవారు ఇక్కడి రవాణా కార్యాలయంలో ఏడాది చెల్లే అంతర్జాతీయ పర్మిట్ తీసుకుని వెళ్లడం మంచిది. అది కాగితం మాత్రమే. కుడిచేతి అలవాటు కాగితంతో రాదు.

స్కై దీవికి 1995 నుంచి వంతెన ఉంది. వంతెన దాటి లోపలికి పోయేకొద్దీ చాలాచోట్ల రోడ్డు ఒక్క బండి పట్టేంత మాత్రమే. అక్కడక్కడ పక్కకు కొంచెం వెడల్పు చేసి బోర్డు పెడతారు. ఎదురు బండి వస్తే దగ్గరున్నవాడు ఆ జాగాలోకి తప్పుకోవాలి, లేదా వెనక్కి పోవాలి. ‘‘మన కాలువ గట్టు మీద గడ్డి ట్రాక్టరు ఎదురైనట్టే. తేడా ఏమంటే అక్కడ ఎవడూ హారను కొట్టడు, చెయ్యి ఊపి పోతాడు’’ అని ఆ కుర్రాడు నవ్వాడు.

నడుములోతు నీళ్లలో ఊపిరి ఆగింది

స్కై దీవిలో నల్లకొండల పాదాన ఫెయిరీ పూల్స్ అనే మడుగులు ఉన్నాయి. జలపాతాలు చిన్నవి, నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున రాయి కనిపిస్తుంది. మన కుర్రాళ్లలో ఒకడు బందరు కాలువలో ఈదులాడిన పిల్లాడు. మనలో కాలువ పక్క ఊళ్లలో పుట్టినవాళ్లకు ఆ సంబరం తెలిసిందే. ఈ విలేఖరి కూడా నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చినవాడే. ఏప్రిల్ ఎండలో కాలువ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఆ ధీమాతోనే ఆ అబ్బాయి చొక్కా విప్పి మడుగులో దిగాడు.

నడుము దాకా దిగాడో లేదో ఊపిరి అందలేదు. అరవబోతే గొంతు రాలేదు. గుండె దడదడ కొట్టుకుంది. గట్టు మీదున్న ముగ్గురూ మొదట ఆటపట్టిస్తున్నాడనుకున్నారు. మొహం చూశాక తువ్వాలు విసిరి లాగారు. నీళ్లలో ఉన్నది నిమిషం కూడా కాదు. దుప్పటి కప్పి, కారులో వేడిగాలి పెట్టుకుని కూర్చున్నా అరగంట దాకా వణుకు తగ్గలేదట.

ఇది భయం వల్ల వచ్చిందీ కాదు, ఈత రాకపోవడం వల్ల వచ్చిందీ కాదు. పదిహేను డిగ్రీలలోపు చల్లని నీటిలో ఒళ్లు ఒక్కసారిగా పడితే మనిషి తన ప్రమేయం లేకుండానే గుక్క పెట్టి గాలి లాగుతాడు. ఆ క్షణాన తల నీటిలో ఉంటే లోపలికి పోయేది నీళ్లే. ఎగశ్వాస, గుండెదడ ఒకటి రెండు నిమిషాలు ఉండి తగ్గుతాయి. ఆ రెండు నిమిషాలు గడవకముందే మునిగేవారు ఎక్కువ. అవి గడిచినా, పది నిమిషాలయ్యేసరికి చేతులూ కాళ్లూ బిగుసుకుని స్వాధీనం తప్పుతాయి. గజ ఈతగాడికైనా అంతే. కొండల్లో మంచు కరిగి వచ్చే నీరు ఏప్రిల్‌లో పది డిగ్రీలలోపే ఉంటుంది. గాలి కాస్త వెచ్చబడినా నీరు వెచ్చబడదు. ఎండ చూసి మోసపోయేది ఇక్కడే.

బ్రిటన్‌లో 1824 నుంచి సముద్రంలో ఆపదలో పడినవారిని కాపాడుతున్న రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఒకటుంది. అది చెప్పే ఉపాయం మనకు వింతగా తోస్తుంది. పడగానే ఈదబోవద్దు, కొట్టుకోవద్దు. వెల్లకిలా తేలి, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, కాళ్లూ చేతులూ చాపి ఊపిరి కుదుటపడేదాకా ఉండాలి. ఆ తరువాతే గట్టు సంగతి.

పత్రికలో ఆ వార్త

ఆ నలుగురూ కొండల్లో ఉన్న వారంలోనే, 2024 ఏప్రిల్ 17న, అదే స్కాట్లండులో పిట్లోక్రీ పట్టణం సమీపాన ఘోరం జరిగింది. గ్యారీ, టమ్మెల్ అనే రెండు నదులు కలిసేచోట లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం ఉంది. 1844లో విక్టోరియా రాణి వచ్చి చూసిపోయిందని గుర్తుగా అక్కడ ఒక రాతి స్తంభం నిలబెట్టారు. దండీ విశ్వవిద్యాలయంలో చదివే మన తెలుగు విద్యార్థులు ఇద్దరు మిత్రులతో కలిసి అక్కడికి విహారానికి వెళ్లి నీటిలో పడి మరణించారు. వెంట ఉన్న మిత్రులు కేకవేసి సహాయం పిలిపించినా దక్కలేదు.

వార్త వన్‌టౌన్‌కు ముందు టీ కొట్టు దగ్గర మాటగా చేరింది. ‘స్కాట్లండులో మనవాళ్లిద్దరు నీళ్లలో పోయారట’ అని పక్క దుకాణం కుర్రాడు అన్నాడు. అంతకుముందు రాత్రే కొడుకు నుంచి మడుగు ఒడ్డున నిలబడ్డ ఫోటో వచ్చింది. ఫోను చేస్తే మోగలేదు. ‘‘పత్రిక తెప్పించి పేర్లు చూశాను. మావాడి పేరు లేదు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న తరువాత ఆ పేర్ల కింద ఊళ్లు ఉన్నాయి కదండీ, అక్కడ వాళ్ల అమ్మలు... సిగ్గేసింది’’ అని ఆ గుమాస్తా చెప్పి కొద్దిసేపు బట్టల తాన్లు సర్దుతూ ఉండిపోయారు.

అప్పుడు మన ఉదయం ఏడు గంటలు, అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆ కొండల్లో ఫోను సంకేతం చాలాచోట్ల అందదు. కొడుకు మాట వినబడేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. ఆ ఆరున్నర గంటలూ ఆయన దుకాణంలోనే ఉన్నారు. ఇంట్లో భార్యకు చెప్పలేదు. బిల్లులు మూడు తప్పుగా రాశారట.

తిరుగుదారిలో ఆ నలుగురూ ఇన్వర్నెస్ మీదుగా ఏ-9 రోడ్డున వచ్చారు. లెక్క ప్రకారం వాళ్లు ఆగవలసిన చివరి మజిలీ ఆ జలపాతమే. పిట్లోక్రీ బోర్డు వచ్చింది. కారులో ఎవరూ మాట్లాడలేదు, ఆపమని ఎవరూ అనలేదు.

ఇలాంటివి ఒక్క స్కాట్లండులోనే కాదు. 2022 నవంబరు 26న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం ఓజార్క్స్ సరస్సులో ఇద్దరు తెలంగాణ విద్యార్థులు మునిగిపోయారు. ఒకరు మునుగుతుంటే రక్షించబోయి రెండోవారూ పోయారు. ఆ తరువాత సరిగ్గా నెలకు, డిసెంబరు 26న, ఆరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ కాన్యన్ సరస్సు మీద నడుస్తున్న ముగ్గురు భారతీయులు మంచు పగిలి కిందికి పడి మరణించారు. నీరు గడ్డకట్టడం మన కంటికి కొత్త. ఎక్కడ మందమో ఎక్కడ పలుచనో తెలియదు.

మునిగేవాడి వెంట దూకవద్దని మన ఊళ్లలోనూ పెద్దలు చెబుతూనే ఉంటారు. వాసం అందించు, తువ్వాలు విసురు, పంచె ముడివేసి వదులు అంటారు. స్నేహితుడు కళ్ల ముందు మునుగుతుంటే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? అక్కడ మరో సదుపాయం ఉంది. బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000 నంబరుకు ఫోను చేస్తే సహాయక దళం కదులుతుంది. ఉన్న చోటు పేరు చెప్పగలగాలి. ‘ఏదో జలపాతం’ అంటే ఎలా చేరతారు?

ఇప్పుడు ఈ గుమాస్తాగారి పద్దు పుస్తకం చివరి పేజీలో 999 అని ఎర్రసిరాతో రాసి ఉంది. కొడుకు ఎక్కడికి వెళ్లినా ఎవరు నడుపుతున్నారు, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఏ రోడ్డున పోతున్నారు, రాత్రి బస ఎక్కడ అని అడిగి అందులో రాసుకుంటారు. ‘‘మొదట విసుక్కున్నాడు. నాన్నా, నేనేమైనా చిన్నపిల్లాణ్ణా అన్నాడు’’ అన్నారాయన.

ఆ విసుగు సెప్టెంబరులో పోయింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ సగం నీట మునిగినప్పుడు ఈ కుటుంబం రాజరాజేశ్వరిపేటలో అద్దె ఇంట్లో ఉంది. కింద వాటాలో నీళ్లు. కరెంటు లేదు, ఫోనులో చార్జి అయిపోయింది. గ్లాస్గోలో కొడుకు ఒక పగలూ ఒక రాత్రీ ఫోను చేస్తూనే ఉన్నాడు. రెండో రోజు పడవలో వచ్చినవారి ఫోను అడిగి తండ్రి మాట్లాడితే అవతలి నుంచి మొదట మాట రాలేదట. తరువాత వచ్చిన ప్రశ్నలు ఇవి: ‘నాన్నా, మేడ మీదే ఉన్నారా? ఎవరి పడవ? ఎక్కడికి తీసుకుపోతున్నారు? రాత్రి బస ఎక్కడ?’