ఇమాదుల్ ముల్క్: గ్రంథాలయాన్ని అమానతుగా అప్పగించి వెళ్ళిన అధికారి

గత సంవత్సరం రబీఉల్ అవ్వల్ మాసంలో ఒకనాడు అసర్ నమాజు ముగిసిన తరువాత, తిమ్మాజిపేటలో మా మదరసా గుమ్మం ముందు ఒక యువకుడు బైకు ఆపి, వెనుక తాళ్ళతో కట్టిన గోనె సంచిని దించాడు. జడ్చర్ల సమీపంలోని ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. చిన్ననాటి నుండి తెలుగు మాధ్యమంలో చదివినవాడు.

"హజ్రత్, ఇవి మా దాదా కితాబులు. ఆయన పోయి రెండేళ్ళాయె. ఇంట్లో చదివేటోళ్ళు ఎవ్వరూ లేరు, చెదలు పడుతున్నయి. అల్లాహ్ పేరున్న కాగితాలు కదా, చెత్తల వెయ్యలేం. మీరే మర్యాదగా మట్టిల కలపండి" అన్నాడు.

అతనిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. పవిత్ర వాక్యాలున్న జీర్ణ పత్రాలను గౌరవంగా ఖననం చేయటం మన పెద్దలు నేర్పిన మర్యాదే. ఆ మర్యాద అతనికి తెలుసు. తెలియనిది లిపి మాత్రమే. ఇటువంటి సంచులు మా మదరసాకు ఏటా రెండు మూడు వస్తూనే ఉంటాయి.

ఆ సంచిలో పదకొండు గ్రంథాలున్నాయి. కొన్ని పూర్తిగా శిథిలమైపోయాయి. ఒకదాని అట్ట ఊడిపోయినా లోపలి పత్రాలు చెక్కుచెదరలేదు. అది హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) రచించిన 'తహ్జీబుత్ తహ్జీబ్' ఆరవ సంపుటం. హదీసులను ఉల్లేఖించినవారిలో ఎవరు విశ్వసనీయులు, ఎవరి జ్ఞాపకశక్తి బలహీనమైనది, ఎవరు ఎవరి వద్ద విద్యనభ్యసించారు అనే విషయాలను పేరుపేరునా నమోదు చేసిన మహాగ్రంథమది. ముఖపత్రం అడుగున ముద్రణాలయం పేరు ఉంది: దాయిరతుల్ మఆరిఫిన్ నిజామియా, హైదరాబాద్ దక్కన్.

ఈ పేరును నేను మొదటిసారి చూసింది విద్యార్థి దశలో. మా ఉస్తాదుల ముందుండే పెద్ద పెద్ద హదీసు గ్రంథాల మీద ఆ ముద్ర కనిపించేది. అరబ్బు దేశాల విద్వాంసులు సైతం తమ పాదసూచికలలో 'హైదరాబాద్ ప్రతి' అని ప్రత్యేకంగా పేర్కొంటారని తెలిసినప్పుడు, పాలమూరు బిడ్డనైన నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ముద్రణాలయాన్ని స్థాపించిన ముగ్గురిలో ఒకరు, హైదరాబాదు రాజ్య గ్రంథాలయానికి పునాది వేసిన అధికారి, నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసైన్ బిల్‌గ్రామీ. ఆ గోనె సంచి ఆయన జీవితాన్ని మళ్ళీ నా ముందుకు తెచ్చింది.

బిల్‌గ్రామీ 1842లో గయలో జన్మించారు. ఆయన వంశీకులది అవధ్ ప్రాంతంలోని బిల్‌గ్రాం. తరతరాలుగా పండితులను కన్న ఊరది. అరబ్బీ, ఫారసీ విద్యతో పాటు ఆంగ్ల విద్యను కూడా ఆయన ఆకళింపు చేసుకున్నారు. 1866లో లక్నోలోని కానింగ్ కళాశాలలో అరబ్బీ ఆచార్యులుగా నియమితులయ్యారు. 'లక్నో టైమ్స్' పత్రికను నడిపారు. ఆనాటి ప్రతిభావంతులను దేశం నలుమూలల నుండి ఏరి తెచ్చుకుంటున్న హైదరాబాదు ప్రధాని మొదటి సాలార్ జంగ్ దృష్టి ఆయన మీద పడింది. 1873లో బిల్‌గ్రామీ హైదరాబాదుకు వచ్చారు. తరువాతి జీవితంలో అత్యధిక భాగం ఈ నేలపైనే గడిచింది.

సాలార్ జంగ్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసి, 1876లో ఆయన వెంట ఇంగ్లాండుకు వెళ్ళారు. 1883లో సాలార్ జంగ్ మరణించిన తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు కార్యదర్శి అయ్యారు. మన పాత జిల్లా మహబూబ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది ఈ నిజాం వల్లనే. అలీయార్ ఖాన్, మోతమన్ జంగ్, ఇమాదుద్దౌలా, చివరకు ఇమాదుల్ ముల్క్ - బిరుదు వెంట బిరుదు వచ్చింది. దర్బారులో ఇంతటి సాన్నిహిత్యం లభించినవారు జాగీర్లు కూడబెట్టుకోవటమో, ప్రత్యర్థులపై కత్తులు నూరుకోవటమో ఆనాటి ఆనవాయితీ. దర్బారు కలహాలు ఈయననూ విడిచిపెట్టలేదు. అయితే ఈయన పేరును నేటికీ నిలిపినది దర్బారు కాదు, 1887లో చేపట్టిన విద్యాశాఖ డైరెక్టరు పదవి. పదిహేనేళ్ళపాటు, 1902 వరకు, ఆ బాధ్యతను నిర్వహించారు.

ఆ పదవిలోకి వచ్చిన మరుసటి సంవత్సరమే, 1888లో, దాయిరతుల్ మఆరిఫ్ వెలిసింది. ఇమాదుల్ ముల్క్‌తో చేయి కలిపినవారు ఇద్దరు: ముల్లా అబ్దుల్ ఖయ్యూం సాహెబ్, జామియా నిజామియా స్థాపకులు హజ్రత్ మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ). ఒకరు ఆంగ్ల విద్యలో ఆరితేరిన ప్రభుత్వాధికారి, మరొకరు ప్రజాహితమే వ్రతంగా పెట్టుకున్నవారు, ఇంకొకరు మదరసా ఆలిం. ఈ రోజుల్లో ఈ మూడు వర్గాలవారు ఒక బల్ల చుట్టూ కూర్చోవటమే అరుదు. కూర్చున్నా టీ తాగి విడిపోతారు. ఆ ముగ్గురూ కూర్చుని, ప్రపంచంలోని గ్రంథాలయాల్లో చేతివ్రాత ప్రతులుగా మూలుగుతున్న అరబ్బీ గ్రంథాలను వెతికించి, ప్రతులను సరిపోల్చి, అచ్చు వేయించే పనికి శ్రీకారం చుట్టారు. 'కన్జుల్ ఉమ్మాల్', హాకిం సంకలనం 'ముస్తద్రక్', బైహఖీ సంకలనం 'సుననుల్ కుబ్రా' పది సంపుటాలు, మా సంచిలో దొరికిన 'తహ్జీబ్' పన్నెండు సంపుటాలు అక్కడి నుండి వెలువడినవే. 'తహ్జీబ్' హిజ్రీ 1325, 1327 సంవత్సరాల మధ్య అచ్చయింది. ఆ సంస్థ నేటికీ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది.

గ్రంథాలను ముద్రించినంత మాత్రాన సరిపోదు, చదువరి కూర్చునేందుకు చోటు కావాలి. కొనే స్తోమతు లేని విద్యార్థి ఎక్కడికి పోతాడు? 1891లో కుతుబ్‌ఖానా ఆసఫియా ఏర్పడింది. నవాబుల హవేలీలలో గ్రంథాలయాలు అంతకు ముందు లేకపోలేదు. అవి యజమాని అనుమతి ఉన్నవారికే తెరుచుకునేవి. యజమాని మరణిస్తే వారసులు పంచుకునేవారు, అమ్ముకునేవారు, లేదా మా యువకునిలా సంచిలో కట్టేవారు. ఆసఫియా ప్రభుత్వ గ్రంథాలయం. ఒక వ్యక్తి మరణంతో చెల్లాచెదురు కాదు. వక్ఫ్ అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ తేడా వివరించనవసరం లేదు. ఉపకరించే జ్ఞానాన్ని సదఖయె జారియాగా మన ధర్మం పరిగణించింది. ఆ ఆలోచనకు ఒక ప్రభుత్వాధికారి తన అధికార పరిధిలో ఇచ్చిన రూపంగానే నేను ఆసఫియాను చూస్తాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆనాటి రాజ్యంలో అత్యధికుల మాతృభాష తెలుగు. అధికార భాష ఫారసీ నుండి ఉర్దూకు మారింది గాని, తిమ్మాజిపేట రైతు బిడ్డకు తన భాషలో చదువు సక్రమంగా అందలేదు. ఇమాదుల్ ముల్క్ కాలంలో పేరుకున్న గ్రంథ సంపద ప్రధానంగా అరబ్బీ, ఫారసీ, ఉర్దూ, ఆంగ్ల భాషలది. ఆ కొరతను తీర్చటానికి తెలుగువారు స్వయంగా పూనుకోవలసి వచ్చింది. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు హైదరాబాదులోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. ఆసఫియాను గురించి గర్వించే మనం ఈ రెండవ తేదీని కూడా గుర్తుంచుకోవటం న్యాయం.

పదవీ విరమణ చేసిన 1902లోనే, విశ్వవిద్యాలయాల సంస్కరణకు కర్జన్ ప్రభువు నియమించిన సంఘంలో ఆయన సభ్యులయ్యారు. 1907లో లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌కు నియమితులైన తొలి ఇద్దరు భారతీయులలో ఆయన ఒకరు. రెండవవారు కృష్ణగోవింద గుప్తా. 1909లో తిరిగి వచ్చారు. 1906 నాటి సిమ్లా రాయబారపు విజ్ఞాపన పత్రాన్ని రూపొందించటంలోనూ ఆయన హస్తముంది. ఆ రాజకీయాలపై చరిత్రకారుల వాదోపవాదాలు ఎన్నో ఉన్నాయి, వాటిని వారికే వదిలివేద్దాం. వృద్ధాప్యంలో దివ్యఖుర్ఆన్‌ను ఆంగ్లంలోకి అనువదించటానికి పూనుకున్నారు. అది పూర్తికాలేదు. 1926లో పరలోకగతులయ్యారు.

మన సోదరీమణులు తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. బాలికల విద్యను ఆయన ఇతరుల ఇళ్ళకు బోధించి ఊరుకోలేదు. ఆయన కుమార్తె తయ్యబా బేగం మద్రాసు విశ్వవిద్యాలయం నుండి బి.ఏ. పట్టా పొందారు. ముస్లిం స్త్రీల విద్య కోసం సభలలో మాట్లాడారు, రచనలు చేశారు. పరదా మర్యాద కట్టుదిట్టంగా ఉన్న ఒక ఉన్నతాధికారి ఇంట, వందేళ్ళకు పైబడిన కాలంలో జరిగిన సంగతి ఇది. ఆడపిల్లను పదవ తరగతితో మాన్పించే తండ్రులు మా మదరసాకు వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతుంటాను. కొందరు వింటారు.

ఆయన అనంతరం కూడా గ్రంథాలయం పెరుగుతూనే పోయింది. 1908 నాటి మూసీ వరద అఫ్జల్‌గంజ్ ప్రాంతాన్ని ఛిన్నాభిన్నం చేసింది. ఆ నదీ తీరాన్నే, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1932లో కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. 1936లో గ్రంథాలయం అందులోకి తరలింది. 1948లో రాజ్యం పోయింది. 1955లో ఆసఫియా, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అయింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. బోర్డు మీద పేర్లు మారాయి. పుస్తకాలు నిలిచాయి; చేతివ్రాత ప్రతులను తరువాతి కాలంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంగా వేరు చేసి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో భద్రపరిచారు.

ఇదే కాలంలో కలకత్తాలో దేశానికంతటికీ పెద్ద గ్రంథాలయంగా ఉన్న ఇంపీరియల్ లైబ్రరీని నడిపినవారు ఖాన్ బహదూర్ ఖలీఫా ముహమ్మద్ అసదుల్లాహ్. నేడు మనం జాతీయ గ్రంథాలయం అంటున్నది దానినే. 1903లో కర్జన్ దానిని ప్రజలకు తెరిచారు. మరుసటి సంవత్సరం బర్దవాన్ జిల్లా బుహార్ గ్రామ జమీందారు సదరుద్దీన్ అహ్మద్ తమ వంశపు అరబ్బీ, ఫారసీ ప్రతులను దానికి సమర్పించారు. అసదుల్లాహ్ లాహోరులో గ్రంథాలయ విద్యను క్రమపద్ధతిలో అభ్యసించిన తొలితరం భారతీయులలో ఒకరు. అలీగఢ్‌లో, తరువాత ఇంపీరియల్ సెక్రటేరియట్ గ్రంథాలయంలో పనిచేసి, 1930లో కలకత్తా బాధ్యత స్వీకరించారు. 1933లో భారత గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పటి నుండి దానికి కార్యదర్శిగా ఉన్నారు. 1935లో తమ గ్రంథాలయంలోనే శిక్షణ తరగతులు ప్రారంభించారు. ఇమాదుల్ ముల్క్ కాలానికి గ్రంథపాలన పండితుల అభిరుచి. అసదుల్లాహ్ నాటికి అది నేర్చుకుని చేయవలసిన వృత్తి అయింది.

పదిహేడేళ్ళ సేవ తరువాత, 1947లో దేశ విభజన వేళ, అసదుల్లాహ్ పాకిస్తాన్‌కు వెళ్ళిపోయారు. 1949లో మరణించారు. ఆయన బాధ్యత వహించిన గ్రంథ సంపద కలకత్తాలోనే నిలిచింది. బుహార్ జమీందారు ఇచ్చిన ప్రతులు నేటికీ జాతీయ గ్రంథాలయంలో భాగమే. ఏనాడో ఏ అధికారి సంతకంతోనో లోపలికి చేరిన గ్రంథం, ఆ అధికారి ఏ దేశానికి వెళ్ళినా, ఏ మట్టిలో కలిసినా, తన చదువరి కోసం అక్కడే ఎదురుచూస్తుంది. అమానతు అంటే నా విద్యార్థులకు నేను చెప్పగలిగిన ఉదాహరణలలో ఇది ఒకటి.

చదువరి వస్తాడా అన్నదే నా బాధ. జడ్చర్లలో బస్సు ఎక్కితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగుతాం. అఫ్జల్‌గంజ్ అక్కడి నుండి నడక దూరమే. మన ఊళ్ళ నుండి ఆ భవనానికి వెళ్ళే యువకులు ఉన్నారు, పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని పొద్దంతా కూర్చుంటారు. వారి శ్రమను అల్లాహ్ సఫలం చేయుగాక. కానీ ఉర్దూ, ఫారసీ బీరువాల వైపు నడిచేవారు ఏరీ? తాత చదివిన లిపిని మనుమడు చదవలేని స్థితి మన ఇళ్ళలో ఒక్క తరంలో వచ్చిపడింది. తెలుగు మనకు పరాయి భాష కాదు; ఈ వ్యాసం నేను తెలుగులోనే వ్రాస్తున్నాను, మీరు తెలుగులోనే చదువుతున్నారు. పాత గ్రంథాల సారం తెలుగులోకి రావాలంటే, ఇంటికొకరైనా ఆ లిపిని నేర్చుకుని ఉండాలి కదా! రెండు భాషలూ ఎరిగిన పిల్లలు లేకపోతే అనువదించేదెవరు? ఒకనాడు దర్బారులో తెలుగు బిడ్డకు మూసుకున్న తలుపు ఇప్పుడు మన ఇంట్లో మన బిడ్డకే మూసుకుంటోంది, ఈసారి లోపలి నుండి గడియ వేసింది మనమే.

ఆ సాయంత్రం యువకుడిని కూర్చోబెట్టి, ఆ సంపుటం ఏమిటో, ఎక్కడ అచ్చయిందో, ఎవరు అచ్చు వేయించారో చెప్పాను. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా కూర్చున్నాడు. "మా దాదా దీన్నే రాత్రిపూట లాంతరు పెట్టుకుని చదివేటోడు హజ్రత్. ఏందో కిస్సాల పుస్తకం అనుకున్న" అన్నాడు.

పదకొండింటిలో మూడింటిని మరమ్మతు చేయటం సాధ్యం కాలేదు. వాటిని మదరసా ఆవరణలో వేపచెట్టు కింద గౌరవంగా ఖననం చేశాము. మిగిలిన ఎనిమిదింటికి మా పిల్లలు మైదా జిగురుతో అట్టలు అతికించారు, మధ్యలో వేపాకు పెట్టారు. మరుసటి జుమా నాడు ఆ యువకుడు తన చెల్లెలిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి తొమ్మిదవ తరగతి. ఆదివారాలు ఉర్దూ నేర్చుకోవటానికి వస్తానన్నది. గ్రంథాలను మదరసాకు వక్ఫ్ చేస్తున్నట్లు మొదటి పుటలో దాత పేరు వ్రాయమని కలం అందించాను. అన్న వెనుకాడితే చెల్లెలే తీసుకుని, ఎనిమిది గ్రంథాలలోనూ దాదా పేరును గుండ్రని తెలుగు అక్షరాలతో వ్రాసింది.